ముందు ఇల్లు, తర్వాతే పెళ్లి: స్కైరిమ్ ఆడుతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

స్కైరిమ్ వీడియో గేమ్ గురించి నీ మెసేజ్ చూసి నవ్వాపుకోలేకపోయాను. "పిన్నీ, లిడియాని చేసుకోనా, ఏలాని చేసుకోనా, త్వరగా చెప్పు" అని ఆటలో పెళ్లి గురించి అంత టెన్షన్ పడుతున్నావే, నీకు ఇల్లుందా అని అడిగితే మాత్రం లేదంటావు. సత్రంలో రాత్రికి 10 బంగారు నాణేలిచ్చి పడుకునేదానివి, పెళ్లాన్ని తెచ్చి ఎక్కడ పెడతావు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మనవాళ్లు ఖర్చు గురించి అన్నారు. స్కైరిమ్‌లో మాత్రం ఆ మాట వరసే ముఖ్యం. ఈ ఆట 2011లో వచ్చింది, నేను అప్పట్నుంచీ ఆడుతున్నాను. మొదటిసారి నేనూ నీలాగే తొందరపడ్డాను. రివర్‌వుడ్ అనే పల్లెలో కమిల్లా నచ్చింది, చేసుకున్నాను. ఇల్లు లేదు. చివరికి వాళ్లన్న లూకన్ కొట్లోనే కాపురం పెట్టాల్సొచ్చింది. డ్రాగన్లను చంపే వీరుడు బావమరిది దుకాణంలో ఇల్లరికం! ఆయన సరుకులు అమ్ముకుంటుంటే నేను పక్క నుంచి మెల్లగా మేడెక్కేదాన్ని.

ఇంటి గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఈ ఆటలో పెళ్లి వల్ల వచ్చే అసలు లాభం నిద్రలో ఉంది. ఏదో ఒక మంచం మీద పడుకుని లేస్తే నీ విద్యలు 5 శాతం వేగంగా పెరుగుతాయి, సొంత మంచమైతే 10 శాతం. జీవిత భాగస్వామి ఉన్న ఇంట్లో పడుకుంటే 15 శాతం. అదీ ఆట గడియారంలో 8 గంటల పాటే. అంటే నువ్వు తరచూ వెళ్లగలిగిన ఇల్లయితేనే ఆ లాభం నీ చేతికి అందుతుంది. ఎక్కడో మూలన ఉన్న అందమైన మేడ కంటే, రోజూ సామాను అమ్ముకోవడానికి వెళ్లే ఊళ్లో చిన్న ఇల్లు నయం.

అందుకే వైట్‌రన్ ఊళ్లో బ్రీజ్‌హోమ్ అనే ఇల్లు కొనమంటాను. 5000 నాణేలు. ఊరి గేటు దాటగానే, కమ్మరి కొట్టు పక్కనే ఉంటుంది. జార్ల్ కోసం, అంటే ఆ ఊరి పాలకుడి కోసం, బ్లీక్ ఫాల్స్ సమాధిలోకి వెళ్లి డ్రాగన్‌స్టోన్ అనే రాతిపలక తెచ్చిస్తే కొనుక్కోవడానికి అనుమతి వస్తుంది. డబ్బు కట్టాల్సింది ఆయన పేష్కారు ప్రొవెంటస్‌కి. ఇరుకు ఇల్లే, నిజమే. నాకైతే రిఫ్టెన్‌లో చెరువు గట్టున ఉన్న హనీసైడ్ ఇష్టం. కానీ దానికి 8000 కావాలి, పైగా ఆ ఊళ్లో నాకు మనశ్శాంతి ఉండదు.

మనశ్శాంతి లేకపోయినా పెళ్లి కోసం ఆ రిఫ్టెన్‌కే వెళ్లాలి. గేటు దగ్గర కాపలావాడు సందర్శకుల పన్ను కట్టమంటాడు. అది పన్నూ కాదు, పాడూ కాదు. కాస్త గట్టిగా మాట్లాడితే వదిలేస్తాడు, దమ్మిడీ ఇవ్వకు. మారా దేవత పూజారి మారామల్ మొదట్లో గుడిలో కనపడకపోతే కంగారుపడకు. బీ అండ్ బార్బ్ అనే సత్రంలో తాగేవాళ్లకి నీతులు చెబుతూ ఉంటాడు. పెళ్లి సంగతి ముందు ఆయన్నే అడగాలి. 200 నాణేలకి మారా తాయెత్తు అమ్ముతాడు. అది మెడలో వేసుకుని తిరిగితే చాలు, పెళ్లీడు వచ్చిందని ఊరందరికీ చాటినట్టే. నీ మీద మంచి అభిప్రాయం ఉన్న మనిషిని పలకరిస్తే తాయెత్తు మాట వాళ్లే ఎత్తుతారు.

ఆ అభిప్రాయం ఊరికే రాదు. ఎవరికో ఏదో పని చేసిపెట్టాలి. కొందరికి తేలిక పనే. ఐవర్‌స్టెడ్‌లో టెంబాకి 10 ఎలుగుబంటి తోళ్లు తెచ్చిస్తే సరి, రిఫ్టెన్ కమ్మరి బాలిమండ్‌కి 10 ఫైర్ సాల్ట్స్ ఇస్తే సరి. మార్కార్త్‌లో మ్యూరీ ఉంది చూశావూ, ఆమె జోలికి మాత్రం పోకు. డార్క్ బ్రదర్‌హుడ్ అనే హంతకుల ముఠాలో చేరాక ఆమె ఒకణ్ణి చంపమంటుంది, వీలైతే తనని ఇంట్లోంచి గెంటేసిన కుటుంబంలోని పిల్లని కూడా చంపమంటుంది. ఆ పిల్లని కూడా చంపితేనే పెళ్లికి ఒప్పుకుంటుంది. ఒకసారి సరదాకి చేశాను. తర్వాత ఆమె వండిపెట్టిన అన్నం తినాలంటే నాకెందుకో చేతులు రాలేదు.

ఆడా మగా అన్న పట్టింపు ఆటకి లేదు, నీ జాతి ఏదైనా అడ్డు చెప్పదు. కానీ అందరూ దొరకరు. పిల్లి మనుషులైన ఖాజీట్లలో ఒక్కరూ లేరు. డాన్‌గార్డ్ అనే అదనపు భాగంలో వచ్చే సెరానా కోసం చాలామంది ఆశపడ్డారు, నేనూ పడ్డాను. రక్త పిశాచిని తీసుకెళ్లి గుళ్లో పెళ్లంటే ఒప్పుకుంటుందా?

ఇక నీ అసలు ప్రశ్న. ఏలా మీద నీకు మనసుందని తెలుస్తూనే ఉంది, విల్లు పట్టుకున్న తీరుకే సగం మంది పడిపోతారు. అయితే ఆమె పెళ్లికి ఒప్పుకోవాలంటే కంపానియన్స్ అనే యోధుల బృందం కథ మొత్తం పూర్తి చేయాలి. ఆ దారిలో నువ్వు తోడేలు రక్తం తాగి తోడేలు మనిషివి కాక తప్పదు. తాగాక ఏమవుతుందో తెలుసా, నిద్ర వల్ల వచ్చే ఏ లాభమూ నీకు అంటదు. నేను పైన లెక్క కట్టి చెప్పిన 15 శాతం గోవిందా. ఏలాని చేసుకోవడానికి చేసిన పనే ఏలా వల్ల వచ్చే లాభాన్ని మింగేస్తుందన్నమాట. దీనికి విరుగుడుంది. కథ అయిపోయాక గ్లెన్‌మోరిల్ మంత్రగత్తె తల ఒకటి ఉంచుకుని, ఇస్‌గ్రామోర్ సమాధిలో మంటలో వేస్తే ఆ శాపం పోతుంది. కాబట్టి మంత్రగత్తెల గుహకి వెళ్లినప్పుడు ఒకటితో సరిపెట్టుకోకు, అన్ని తలలూ తెచ్చుకో. ఆ పని చేస్తానంటే ఏలాని చేసుకో. ఇంకో సంగతి, ఆమె విలువిద్య నేర్పుతుంది. నేర్పినందుకు నువ్విచ్చిన డబ్బు ఆమె సంచిలోనే ఉంటుంది. వెంట వచ్చే తోడు కాబట్టి ఆ సంచి తెరిచి వెనక్కి తీసుకోవచ్చు. మోసమే, కాదనను. నేను సిగ్గుపడకుండా చేశాను.

లిడియా అయితే ఇంత తతంగం లేదు. వైట్‌రన్‌లో థేన్ అనే గౌరవ బిరుదు వచ్చాక జార్ల్ ఆమెని నీకు అప్పజెబుతాడు, బ్రీజ్‌హోమ్ కొంటే అందులోనే కూర్చుని ఉంటుంది. కానీ యుద్ధానికి తీసుకెళ్తే జాగ్రత్త. శత్రువులు కొడితే మోకాళ్ల మీద కూలబడి కాసేపటికి లేస్తుంది, నీ దెబ్బ తగిలితే మాత్రం లేవదు. నువ్వు రెండు చేతుల గొడ్డలి తిప్పే తీరు నేను చూశాను.

దెబ్బకి చావని మనిషి కావాలంటే రిఫ్టెన్‌లో మ్యోల్ ఉంది. పోగొట్టుకున్న కత్తి తెచ్చిస్తే చాలు, మంచి మనిషి. ఒక్కటే చిక్కు. ఏరిన్ అని ఆమె స్నేహితుడొకడు ఆమెతోపాటు నీ ఇంటికి వచ్చేస్తాడు. ఎందుకొచ్చాడో అడగడానికి లేదు, పొమ్మనడానికీ లేదు.

నన్నడిగితే నీకు లిడియానే. పెద్ద ప్రేమకథ కాదు, కానీ ఇల్లూ ఆమే ఒకేచోట దొరుకుతాయి.

ఒప్పుకున్నాక మళ్లీ మారామల్ దగ్గరికి వెళ్లు. మర్నాడు తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకేలోపు ముహూర్తం. ఊరు దాటి వెళ్లకు, గుళ్లోనే వెయిట్ చెయ్యి. ఒకసారి "ఇంకా టైముంది కదా" అని ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్ మీద నొక్కి ఒక్కసారే ఇంకో చోటికి వెళ్లడం) చేసి వచ్చేసరికి చీకటి పడింది. అవతలి మనిషికి ఒళ్లు మండిపోయింది. బతిమాలుకుని మళ్లీ ముహూర్తం పెట్టించాల్సొచ్చింది.

పెళ్లవగానే ఉంగరం ఇస్తారు, రెస్టొరేషన్ మంత్రాలకి, అంటే గాయాలు మాన్పే లాంటి మంత్రాలకి, కాస్త పనికొస్తుంది. దాన్ని చూసుకుంటూ నిలబడకు. ఆ నిమిషంలోనే భార్యని పలకరించి, ఏ ఇంట్లో ఉండాలో చెప్పు. ఆలస్యం చేస్తే తన దారిన తాను వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఊళ్లు పట్టుకుని వెతుక్కోవాలి. కాపురం మొదలయ్యాక రోజుకోసారి భోజనం అడగొచ్చు. ఆమె చిన్న వ్యాపారం కూడా పెడుతుంది, నీ వాటా రోజుకి 100 నాణేలు. పది రోజులు ఇంటికి రాకపోయినా అది పోగవుతూనే ఉంటుంది, ఒకేసారి తీసుకో. విడాకులు మాత్రం ఈ ఆటలో లేవు, గుళ్లో అడుగుపెట్టే ముందే ఆలోచించుకో.

పిల్లల్ని దత్తత తీసుకోవడానికి పెళ్లి అక్కర్లేదు, హార్త్‌ఫైర్ అనే అదనపు భాగం ఉంటే చాలు. ఇద్దరిదాకా తెచ్చుకోవచ్చు. బ్రీజ్‌హోమ్‌లో వాళ్లకి గది కావాలంటే రసవాదం బల్ల తీసేయాల్సి వస్తుంది. మందులు చేసుకునే అలవాటుంటే ఆలోచించు.

పెళ్లికి ఏం వేసుకోవాలని అడిగావు కదా. నేను డ్రాగన్ ఎముకల కవచంతోనే వెళ్లి నిలబడ్డాను, మారామల్ కిమ్మనలేదు. గుడి తలుపు తీసే ముందు మాత్రం ఒకసారి సేవ్ చేసుకో.

మీ పిన్ని