ప్రాచీన చైనీస్‌లో ‘జౌ’ అంటే పరుగే

‘జౌ’ అంటే నడవడమని నిఘంటువులో ఉంటే, పాత గ్రంథాల అనువాదాల్లో పరిగెత్తడమని ఎందుకు రాస్తారని అడిగారు. మీ దగ్గరున్నది ఈనాటి మాండరిన్ నిఘంటువు. పాత గ్రంథాలకు అది పనికిరాదు.

తైవాన్‌లో చదువుకునే రోజుల్లో సాయంత్రాలు ప్రాచీన చైనీస్ తరగతికి వెళ్లేవాడిని. ఒకనాటి పాఠం ప్రాచీన చైనా తత్వవేత్త హాన్ ఫెయ్ గ్రంథంలోని కుందేలు కథ. సోంగ్ రాజ్యంలో ఒక రైతు పొలం దున్నుతుంటే, కుందేలు ఒకటి దూసుకొచ్చి చెట్టు మోడుకు గుద్దుకుని మెడ విరిగి చచ్చింది. రైతు నాగలి వదిలేసి, ఇంకో కుందేలు రాకపోతుందా అని ఆ మోడు దగ్గరే కాపలా కూర్చున్నాడు. మూలంలో ఉన్నది ‘తూ జౌ’ (‘తూ’ అంటే కుందేలు). నా పక్కనున్న విద్యార్థి దాన్ని ‘కుందేలు నడిచి వచ్చి’ అని చదివాడు. నడిచి వచ్చిన కుందేలుకు మెడ ఎలా విరుగుతుంది?

మాస్టారు ఏమీ అనకుండా ఆ అక్షరం పాత రూపాన్ని బోర్డు మీద గీశారు. పైన చేతులు ఊపుతున్న మనిషి, కింద పాదం. తర్వాత వరండా ఊడుస్తున్న పెద్దావిడను పిలిచి, మీ ఇంటి భాషలో పరిగెత్తడాన్ని ఏమంటారని అడిగారు. ఆమెది తైవానీ భాష. ‘త్సావ్’ అని చెప్పి, ఇది కూడా అడగాలా అన్నట్టు చూసి వెళ్లిపోయింది. అదే అక్షరం, అదే మాట. హాన్ ఫెయ్ క్రీ.పూ. 233లో చనిపోయాడు, ఆయన ఎరిగిన అర్థం ఆ చీపురు పట్టిన మనిషి నోట నిక్షేపంగా ఉంది. జపాన్‌వాళ్లు ఈనాటికీ ‘హషిరు’, అంటే పరిగెత్తడం, అనే క్రియను ఈ అక్షరంతోనే రాస్తారు.

హాన్ రాజవంశం చివరి రోజుల్లో ల్యూ షీ అనే పండితుడు ఈ లెక్క తేల్చేశాడు: మెల్లగా వెళ్తే ‘బూ’, వేగంగా వెళ్తే ‘చ్యూ’, అంతకన్నా వేగంగా వెళ్తే ‘జౌ’. ప్రాచీన చైనా తత్వవేత్త మెన్షియస్ ల్యాంగ్ రాజుకు చెప్పిన యుద్ధం కథలో సైనికులు కవచాలు పారేసి, ఆయుధాలు ఈడ్చుకుంటూ చేసేదీ ‘జౌ’నే. ప్రాణభయంతో ఉన్నవాడు షికారుకు వెళ్లినట్టు నడుస్తాడా? ‘జౌగౌ’ అన్నా వేటకుక్కే, పరుగు దాని పని.

ఫోనులోని అనువాద యాప్‌లు ఇవేవీ పట్టించుకోకుండా నేటి అర్థాన్ని తెచ్చి అతికిస్తాయి. నాకు అంతకన్నా బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. చైనా బౌద్ధ యాత్రికుడు షువాన్‌జాంగ్ (మనం హ్యుయాన్ త్సాంగ్ అనే ఆయనే) 646లో పూర్తిచేసిన యాత్రా గ్రంథంలో ఆంధ్రదేశం, ధాన్యకటకం ఉన్నాయి. మన నేల గురించిన ఆ పుటలను మనం ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే చదువుకుంటున్నాం. చైనీస్ నేర్చుకునే తెలుగువాళ్లు ఇప్పుడు ఎందరో ఉన్నారు, కానీ అంతా వ్యాపారానికీ వైద్య విద్యకూ పనికొచ్చే మాండరిన్ దగ్గరే ఆగిపోతున్నారు. మీరు ఆగకండి. హాన్ ఫెయ్ కథలతో మొదలుపెట్టండి, వాక్యాలు చిన్నవి. పక్కన తైవానీయో, దక్షిణ చైనా భాష కాంటనీసో ఇంటి భాషగా ఉన్నవారు దొరికితే, అనుమానం వచ్చిన ప్రతి మాటనూ ముందు వాళ్లనే అడగండి.