భూమి తిరుగుడు మీద రాస్తున్న నీకు

ఒంగోలు

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, నెల్లూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. భాష బాగుంది, విషయం దగ్గరే గట్టిగా చెప్పాల్సింది ఉంది.

'సూర్యుడి ఆకర్షణ వల్ల భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది' అన్న వాక్యం కొట్టెయ్. ఆకర్షణ భూమిని సూర్యుడి చుట్టూ తిప్పుతుంది. తన చుట్టూ తాను తిరగడం, అంటే ఆత్మభ్రమణం, దాని కథ వేరు. దాదాపు 460 కోట్ల ఏళ్ల కిందట సౌరకుటుంబం ఒక వాయుధూళి మేఘంలోంచి పుట్టింది. ఆ మేఘానికున్న కాస్త తిరుగుడు, అది ముడుచుకునేకొద్దీ వేగం అందుకుంది. గ్రహాలకు వచ్చింది ఆ తిరుగుడే. ఆ తర్వాత పెద్దపెద్ద రాతిముద్దలు గుద్దుకుని దాన్ని అటూ ఇటూ మార్చాయి. ఇప్పుడు తిప్పేవాళ్లు అక్కర్లేదు, ఆపేవాళ్లు లేరు. ముఖ్యంగా చంద్రుడే ఆటుపోట్ల రాపిడితో వందేళ్లకు సుమారు 2 మిల్లీసెకన్ల చొప్పున రోజును సాగదీస్తున్నాడు. చదివేవాళ్లు తడబడేది ఇక్కడే, నాలుగు వాక్యాలు ఎక్కువైనా ఫర్వాలేదు.

ఇక 'అక్షం మారుతుంది' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్షమంటే రెండు ధ్రువాల గుండా పోయే ఊహాగీత, భూమి తిరిగేది దాని చుట్టూనే. మారేది అక్షం చూపే దిక్కా, దాని వంపా? రెండూ మారతాయి, వేర్వేరుగా. వంపు 22.1 నుంచి 24.5 డిగ్రీల మధ్య ఊగి రావడానికి దాదాపు 41,000 ఏళ్లు పడుతుంది. మిగతా గ్రహాల లాగుడు దానికి కారణం. దిక్కు మారడం వేరే. భూమి నడుం దగ్గర ఉబ్బి ఉంటుంది, అక్కడి వ్యాసార్ధం ధ్రువాల దగ్గరకంటే 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బును సూర్యచంద్రులు లాగుతుంటే అక్షం బొంగరంలా తలాడిస్తుంది. ఒక చుట్టుకు సుమారు 26,000 ఏళ్లు.

దీనికి రుజువు మనింటి పండగలోనే ఉంది. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15న. మన లెక్క నక్షత్రాలను పట్టుకుంది కాబట్టి, అక్షం దిక్కు మారేకొద్దీ సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం పెరిగింది. 1,700 ఏళ్ల కిందట ఆ రెండూ దాదాపు ఒకేనాడు వచ్చేవి. వ్యాసం ఇక్కణ్ణుంచే ఎత్తుకో. అయితే పంచాంగాన్ని వెక్కిరించొద్దు. ఈ తేడాకి 'అయనాంశ' అని పేరు పెట్టి, లెక్కకట్టి వాడుతున్నది పంచాంగకర్తలే.

98 డిగ్రీలు ఒరిగిన యురేనస్, ఎదురు తిరిగే శుక్రుడు చివర్లో రెండు మాటలతో సరి. వాటి కారణాల మీద ఇంకా వాదనలున్నాయి, ఖాయమన్నట్టు రాయకు.

ఇంకొక పని చెయ్. ఏప్రిల్ 29న పన్నెండు దాటిన ఐదు పది నిమిషాలకు మిద్దె మీద ఒక కర్ర నిటారుగా నిలబెట్టు. నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుపోతుంది. నెల్లూరులో మళ్లీ ఆగస్టు నడిమిలో అలాగే అవుతుంది. వంపు లేకుంటే ఆ రెండు రోజులూ మనకు లేవు. నీ కళ్లతో చూసి, అక్షం వంపు మీది పేరా తిరగరాసి పంపు.