ఇల్లూ మరమ్మతులూ: వంటిల్లు, పెరటి వసారా

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. తాతల నాటి పెంకుటిల్లు, సున్నం గోడలు. వంటింటి గోడకు మూడడుగుల ఎత్తు వరకూ చెమ్మ. రెండేళ్ళ కిందట సిమెంటు పూత వేయిస్తే ఇప్పుడు పెచ్చులూడుతోంది. ఈసారి గోడంతా టైల్స్ వేయించి ప్లైవుడ్ అల్మరాలు పెట్టిద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలండీ?
- ఒక పాఠకురాలు

జవాబు: అల్మరాల సంగతి ఆఖర్న చూద్దాం. పెచ్చులూడటానికి కారణం ఆ సిమెంటేనమ్మా. నేలలోని తడి ఇటుకల్లోకి పాకుతుంది. సున్నప్పూత అయితే ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి ఇంకా పైకెక్కుతుంది, దాంతో వచ్చిన ఉప్పు పూతను లోపలినుంచి నెట్టేస్తుంది. టైల్స్ వేసినా ఇదే వరస.

ముందు బయటికెళ్ళి చూడండి. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడుతున్నా, పెరటి నేల లోపలి గచ్చు కంటే ఎత్తుగా ఉన్నా ఏ పూతా నిలవదు. ఆ మట్టి తీయించి, గచ్చు కంటే కనీసం 6 అంగుళాలు కిందికి దించండి. ఆ తర్వాత చెమ్మ గీతకు అడుగు పైదాకా సిమెంటు చెక్కించి, ఇటుకల సందుల్లో గుల్లబారిన సున్నం గీకించండి. ఎండాకాలంలో నెలకు తగ్గకుండా ఆరనివ్వండి. అప్పుడు ఒక పాలు నానిన సున్నానికి మూడు పాళ్ళ ఇసుకతో పూత. వారం రోజులు తడుపుతుండాలి. “కాస్త సిమెంటు కలిపితే గట్టిగా ఉంటుందండీ” అని మేస్త్రీ అనకమానడు. ఒప్పుకోకండి.

వంటగట్టు బండను గోడలోకి దూర్చవద్దు. గోడలో అడ్డంగా కొట్టే గాడి లోతు గోడ మందంలో ఆరో వంతు దాటకూడదు, బండ నిలవడానికి అది చాలదు. మూడడుగులకొకటి నిలిపిన కడప రాతి పలకలే బరువు మోస్తాయి. ఎత్తు మీ మోచేతికి 4-5 అంగుళాలు కింద. చాలామందికి 32-34 అంగుళాలు సరిపోతుంది. గోడకు టైల్స్ అంటించే బదులు గట్టు మీదే రెండడుగుల గ్రానైట్ పలక నిలబెట్టించండి. అల్మరాలు ఐ.ఎస్. 710 (తడిని తట్టుకునే ప్లైవుడ్‌కి భారత ప్రమాణం) గుర్తున్న మెరైన్ ప్లైవుడ్‌తో, స్టీలు కాళ్ళ మీద, గోడకు 2 అంగుళాలు ఎడంగా.

ప్రశ్న: మావారు పొలం నుంచి బురద కాళ్ళతో నేరుగా వంటింట్లోకే వస్తారు. వెనక వసారాను కాళ్ళు కడుక్కోవడానికీ వాషింగ్ మెషీన్‌కీ వాడుకోవచ్చా?

జవాబు: వాడుకోవచ్చు. వసారా నేల వంటింటి గచ్చు కంటే 2 అంగుళాలు దిగువన ఉండాలి, వాలు అడుగుకి పావు అంగుళం. నున్నటి టైల్స్ జారతాయి, పాలిష్ లేని తాండూరు బండలు వేయించండి. కొళాయి మోకాలి ఎత్తున చాలు.

చాలా ఇళ్ళలో తప్పు జరిగేది తూము దగ్గర. బురద నేరుగా పైపులోకి పోతే ఏడాది తిరక్కుండానే పూడిపోతుంది. అడుగు పొడవు, వెడల్పు, లోతుతో చిన్న గుంట కట్టించి, బయటికెళ్ళే పైపును గుంట అడుగుభాగానికి 6 అంగుళాల పైన పెట్టించండి. మట్టి కింద పేరుకుంటుంది, వారానికోసారి తోడేయవచ్చు. ఆ నీళ్ళు సెప్టిక్ ట్యాంకుకి కాదు, అరటి పాదుకి మళ్ళించండి. పురుగుమందు కొట్టిన బట్టలకు మాత్రం వేరే బకెట్, వేరే కొక్కెం. ఆ కడుగు నీళ్ళు పాదుకీ పోకూడదు.

ప్రశ్న: పాత వైరింగ్‌కే ఓవెన్ ప్లగ్గు మార్చుకుంటే చాలదా?

జవాబు: చాలదు. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మి.మీ. రాగి తీగ, 20 ఆంపియర్ల ఎం.సి.బి. (కరెంటు హద్దు దాటితే దానంతటదే ఆపేసే స్విచ్చి), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) కావాలి. పాత ఇళ్ళలో చాలాచోట్ల ఎర్తే ఉండదు, ముందు అది వేయించండి.