సాహిత్య పండితుల పాత ఉత్తరాలు ఆర్కైవ్‌లో దాచడం వల్ల కవిత్వం చదివేవాళ్లకు ఏం ఉపయోగం?

చాలా ఉంది. ఇర్మా బ్రాండైస్ సంగతే చూడండి. ఆవిడ అమెరికన్, మధ్యయుగపు ఇటాలియన్ కవి దాంతే మీద పండితురాలు, బార్డ్ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1933లో ఫ్లోరెన్స్‌లో ఇటాలియన్ కవి ఎవుజేనియో మొంతాలేని కలిశారు. అప్పుడాయన అక్కడి గాబినెట్టో వ్యోసో గ్రంథాలయానికి డైరెక్టర్. ఫాసిస్టు పార్టీలో చేరనందుకు 1938లో ఆ ఉద్యోగం పోయింది. అదే ఏడాది ఇటలీలో యూదుల హక్కులు లాగేసే జాతి చట్టాలొచ్చాయి. యూదురాలైన ఇర్మాకు అక్కడ ఇక చోటు లేదు.

మొంతాలే కవితల్లో కనిపించే 'క్లిత్సియా' ఈవిడే. 1939లో వచ్చిన కవితా సంపుటిని 1949 ముద్రణలో 'ఐ.బి.'కి అంకితమిచ్చారు, అంతే, పూర్తి పేరు లేదు. మొంతాలే ఉత్తరాలను ఇర్మా 1983లో అదే గ్రంథాలయానికి ఇచ్చేశారు, ఇరవై ఏళ్లు తెరవకూడదన్న షరతుతో. అవి 2006లో పుస్తకంగా వచ్చాయి. కొన్నిచోట్ల ఇటాలియన్ మధ్యలో ఆయన ఇంగ్లీషు కూడా దొర్లుతుంది. ఇర్మా కోసం అమెరికా వెళ్లాలా వద్దా అన్న ఆయన టెన్షన్ వాటిలో తెలుస్తుంది. ఆ కవితల్లోని ఎడబాటు వెనక నిజమైన మనిషి, నిజమైన చట్టం ఉన్నాయని తెలిశాక నేను వాటిని మళ్లీ మొదటినుంచీ చదివాను. అయితే పుస్తకంలో ఉన్నవి మొంతాలే ఉత్తరాలే కాబట్టి, ఇర్మాను ఆయన కళ్లతోనే చూస్తున్నామని గుర్తుంచుకుని చదవండి.