తాతయ్య సైకిల్ లైటుకు తుప్పు వదిలించే ముందు

తెనాలి

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాను. అటక మీద గోనెసంచిలో దొరికిందన్నావే, అది తాతయ్య రాలీ సైకిల్‌దే. హెడ్‌లైటు, సీసా డైనమో (సీసా ఆకారంలో ఉండి, టైరుకు ఒరుసుకుని తిరుగుతూ కరెంటు పుట్టించేది), వెనక మడ్‌గార్డు లైటు, మూడూ ఉన్నాయి. వెనక లైటుకు ఎర్ర అద్దం లేదు, దాని సంగతి తర్వాత చెప్తాను. "ఆదివారం కూర్చుని కొత్తదానిలా మెరిపించేస్తా మామయ్యా" అన్నావు చూడు, అది చదివాకే ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్లో చెబితే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తావు. ముందు ఆ గరుకు కాగితం పక్కన పెట్టు.

రిటైరైనప్పటి నుంచి ఇదే నా పిచ్చి అని మీ అత్తయ్య నీకు చెప్పే ఉంటుంది. మొదట్లో నేనేం చేశానో ఆవిడ చెప్పి ఉండదు. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక మిల్లర్ హెడ్‌లైటు కొన్నాను, బర్మింగ్‌హామ్ సరుకు. లోపల గిన్నెలా ఉండే రిఫ్లెక్టర్ నల్లబడి ఉంది. ఇత్తడి చెంబులు తోమే పాలిష్ వేసి రుద్దాను. గుడ్డ నల్లగా అవుతుంటే మురికి వదులుతోందని సంబరపడ్డాను. ఐదు నిమిషాలకు అడుగున పసుపు రంగు తేలింది. వదిలింది మురికి కాదు, వెండి పూత. ఆ లైటు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, వెలుగుతుంది కూడా, కాకపోతే పసుపు నీళ్లు చల్లినట్టుంటుంది ఆ వెలుగు.

అందుకని నువ్వు రిఫ్లెక్టర్‌ను వేలితో కూడా తాకొద్దు. దుమ్ముంటే మెత్తని కుంచెతో దులుపు. అప్పటికీ పోకపోతే గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క షాంపూ వేసి, దూది ముంచి, రుద్దకుండా అద్ది తియ్యి. తర్వాత మంచినీళ్లతో అలాగే అద్ది, నీడన బోర్లించు. మచ్చలుంటే ఉండనీ. మచ్చలున్న రిఫ్లెక్టర్ దారి చూపిస్తుంది, పూత పోయినది చూపించదు.

విప్పే ముందు ప్రతి దశకూ ఒక ఫొటో తీసుకో. వాషర్ ఏ వైపు ఉందో వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు. స్క్రూలు, నట్లు ఒక్కటి కూడా పారెయ్యకు. ఆ కాలం సైకిల్ మరలు చాలావరకు ఇంగ్లీషు కొలతలవి, అంగుళానికి 26 చుట్లు. ఇప్పుడు షాపులో దొరికే మిల్లీమీటర్ల నట్టు రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, బలవంతం చేస్తే మర పోతుంది. తుప్పు పట్టిన పాత నట్టే నయం.

పట్టేసిన స్క్రూతోనే అసలు తంటా. కిరసనాయిలు ఇప్పుడు దొరకడం కష్టం కాబట్టి డీజిల్‌లో కాస్త ఇంజన్ ఆయిల్ కలిపి, రెండు చుక్కలు స్క్రూ మొదట్లో వేసి, రాత్రంతా వదిలెయ్. పొద్దున మళ్లీ రెండు చుక్కలు. గాడిలో నిండుగా కూర్చునే స్క్రూడ్రైవర్ పెట్టి, దాని పిడి మీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వెయ్. ఆ అదురుకు లోపలి తుప్పు పగులుతుంది. తర్వాత విప్పే వైపుకు కాదు, ముందు బిగించే వైపుకు వెంట్రుక వాసి తిప్పి చూడు. టిక్కుమంటుంది. ఆ చప్పుడు విన్నాక ఎదురు తిప్పితే వచ్చేస్తుంది. రాకపోతే ఇంకో రాత్రి ఆగు. డెబ్భై ఏళ్ల నాటి స్క్రూకు నీ ఆదివారంతో పనిలేదు.

ఇక తుప్పు. క్రోమ్ పూత మీద చుక్కలు చుక్కలుగా ఉన్నదానికి పెద్ద మందులేం వద్దు. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ను చిన్న ఉండ చేసి, నీళ్లలో ముంచి మెల్లగా రుద్దు. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన, గీతలు పెట్టదు, తుప్పును మాత్రం లాగేస్తుంది. అంట్లు తోమే స్టీలు పీచు జోలికి పోకు.

తుప్పు లోతుగా పట్టిన ఇనుప ముక్కలకు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). లీటరు నీళ్లకు 50 గ్రాములు చాలు. అందులో నానబెట్టి గంట గంటకూ తీసి చూడు, టూత్ బ్రష్‌తో తోమి మళ్లీ వెయ్యి. రాత్రంతా మరచిపోయావంటే తుప్పుతో పాటు ఇనుమునూ తినేసి బూడిదరంగుకు తెస్తుంది. మీ అమ్మమ్మ చింతపండుతో ఇత్తడి బిందెలు తోమినట్టే ఇదీ, పనిచేసేది పులుపే. కానీ ఈ పులుపు అల్యూమినియంనూ, జింకు పోతలనూ కొరికేస్తుంది. అయస్కాంతం పెట్టి చూడు, అంటుకోనిదాన్ని అందులో వెయ్యకు. (డైనమోను మాత్రం విప్పకుండా ఇలా పరీక్షించకు, దాని కడుపులోనే అయస్కాంతం ఉంది!) సన్న స్ప్రింగులను కూడా నానబెట్టకు, పెళుసెక్కి విరుగుతాయి.

తీశాక నీళ్లతో కడిగి, తినే సోడా కలిపిన నీళ్లలో ఓసారి ముంచి, వెంటనే హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి నూనె రాయాలి. ఫోన్ వచ్చిందని పక్కకు వెళ్లావా, వచ్చేసరికి నారింజ రంగు పొర మళ్లీ కూర్చుని ఉంటుంది. బ్యాటరీ చార్జర్, చాకలి సోడా పెట్టి తుప్పు తీసే వీడియోలు నువ్వూ చూసే ఉంటావు. బాగా పనిచేస్తుంది కానీ హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడే చోటు కావాలి. నీ ఫ్లాట్ బాత్‌రూంలో వద్దు. ఎక్కడ చేసినా స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క మాత్రం చార్జర్ ప్లస్ కొసకు తగిలించకు, ఆ నీళ్లు విషమవుతాయి.

రంగు సంగతి. ఆ నల్ల ఎనామిల్, మడ్‌గార్డు మీద మిగిలిన బంగారు గీత, వాటిని అలాగే ఉంచి మైనం పాలిష్ రాస్తే చాలు. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా గీకితే ఆ దుమ్ము నీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గీకక తప్పకపోతే తడిపి గీకు, మాస్కు పెట్టుకో, పాపను ఆ దరిదాపులకు రానీయకు. క్రోమ్ కొత్తగా వేయిస్తానంటే నీ ఇష్టం, నేనైతే వేయించను. ఒకసారి ఒక కోటింగు షాపులో లూకాస్ లైటు ఇచ్చాను. పూతకు ముందు బఫింగు చక్రం మీద పెట్టి నునుపు చేశారు. అద్దంలా వచ్చింది, దాని నెత్తిన ఉబ్బెత్తుగా ఉండే అక్షరాలు మాత్రం మాయం. ఎవరిని అడగను?

డైనమో ఇరుసును వేళ్లతో తిప్పి చూడు. ఆగి ఆగి తిరుగుతుంటే భయపడకు, అది అయస్కాంతం లాగుడు. గరగరమంటే మాత్రం లోపల ఎండిపోయింది, కుట్టు మిషన్ నూనె ఒక చుక్క. రెండు చుక్కలు వద్దు, తీగచుట్ట మీదికి జారుతుంది. ఎప్పుడైనా చక్రం నడుమ హబ్బులోనే డైనమో ఉండే స్టర్మీ-ఆర్చర్ డైనోహబ్ దొరికితే మాత్రం లోపలి అయస్కాంతాన్ని సరదాకి బయటికి లాగకు. దాని చోట ఇనుప కట్టు పెట్టకుండా తీస్తే బలం పోతుంది. ఆ హబ్బుల మీద చాలావరకు తయారైన సంవత్సరం అంకెలు కొట్టి ఉంటాయి, సైకిల్ వయసు పట్టుకోవడానికి అది మంచి ఆధారం.

ఈ సీసా డైనమోలు మామూలుగా 6 వోల్టులు, 3 వాట్లు. ముందు బల్బుకు 2.4, వెనక బల్బుకు 0.6. వెనకది మాడిపోతే దాని వాటా కూడా ముందుదాని మీద పడి అదీ మాడుతుంది. కాబట్టి రెండూ సరిచూసే వెయ్యి.

అన్నీ అయ్యాక లైటు వెలగకపోవచ్చు. నాకలాగే జరిగింది. ఒక హెర్క్యులిస్ సెట్టును ముచ్చటపడి బిగింపు పట్టీతో సహా నల్లరంగు వేసి బిగించాను. చక్రం తిప్పితే చీకటే. బల్బు మార్చాను, వైరు మార్చాను, డైనమో రెండుసార్లు విప్పాను. మూడో రోజు తట్టింది: ఈ సైకిళ్లకు వైరు ఒకటే, తిరుగు దారి సైకిల్ ఒళ్లే. నేను వేసిన అందమైన రంగే కరెంటుకు అడ్డం పడింది. పట్టీకి మొన ఉన్న చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది చూడు, అది రంగును చీల్చి ఫ్రేము ఇనుముకు తగలాలని పెట్టిందే. ఆ మొన దగ్గరా, హెడ్‌లైటు పట్టీ కిందా రూపాయి బిళ్లంత మేర ఇనుము మెరిసేలా గీకి, గ్రీజు పలచగా రాసి బిగించు. డైనమోను బిగించేటప్పుడు దాని ఇరుసు చక్రం ఇరుసు వైపే సూటిగా చూడాలి, వంకరగా ఉంటే టైరు పక్కలు అరగదీస్తుంది.

చిన్న సామాన్లకు హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌కు గురువారం పొద్దున్నే వెళ్లు. "యాంటిక్" అనే మాట నీ నోట రానీయకు, ధర మూడింతలవుతుంది.

దుగ్గిరాల నుంచి రాత్రిళ్లు కాలవగట్టు మీద తాతయ్య తొక్కుతుంటే నేను ముందు కడ్డీ మీద కూర్చునేవాణ్ని. గట్టు ఎక్కేటప్పుడు వెలుగు నీరసించేది, దిగేటప్పుడు ఉరికేది. ఊళ్లోకి వచ్చేముందు ఆయన దిగి లైటు చూసుకునేవారు, లైటు లేకపోతే పోలీసు టైర్లలో గాలి తీసేసేవాడు.

ఆ ఎర్ర అద్దం పగల్లేదు, పోలేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు దాంట్లోంచి సూర్యుణ్ని చూడాలని ఊడదీసి దాచుకున్నాను. ఇన్నేళ్లూ నా ట్రంకుపెట్టెలోనే ఉంది. సంక్రాంతికి లైటు పట్టుకుని రా, బిగిద్దాం. మీ అమ్మకు మాత్రం చెప్పకు, అప్పట్లో ఆ నేరానికి దెబ్బలు తిన్నది తనే.

మీ మామయ్య