మైనర్ లీగ్ బేస్‌బాల్ ఉద్యోగంలో ఉంటూ సీమంతం, పురుడు, బారసాల చూసుకోగలమా?

జనవరిలో ఒక మైనర్ లీగ్ జట్టు (అమెరికా బేస్‌బాల్‌లో అగ్రస్థాయి అయిన మేజర్ లీగ్‌కు ఆటగాళ్ళను తయారుచేసే కింది స్థాయి జట్టు) ఫ్రంట్ ఆఫీసులో, అంటే టికెట్లు, లెక్కలు చూసే ఆఫీసులో, చేరబోతున్నానని రాశారు. మీ ఆవిడకు జూన్‌లో డెలివరీ అన్నారు. ఆ తర్వాత పాపాయి వేడుకలు, ఇండియాలో పెళ్ళిళ్ళు కూడా ఉన్నాయి, ఈ ఉద్యోగంలో ఇల్లు నడుస్తుందా అని అడిగారు. నడుస్తుందండి. ఎనిమిదేళ్ళ క్రితం ఈ రంగంలోకి వచ్చినప్పుడు నాదీ ఇదే ప్రశ్న. అప్పుడు "సర్దుకుపోవాలమ్మా" అన్నవాళ్ళే తప్ప ఎలా సర్దుకోవాలో చెప్పినవాళ్ళు లేరు. సీజన్ మొదలయ్యాక సర్దుకోవడానికి చోటే ఉండదు. ఏం మాట్లాడుకున్నా ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే మాట్లాడుకోవాలి, తేదీలన్నీ షెడ్యూలు చేతికి రాగానే చూసుకోవాలి.

నేను అమెరికా దక్షిణాది రాష్ట్రంలో ఒక డబుల్-ఎ జట్టులో (మైనర్ లీగ్ నాలుగు స్థాయిల్లో పైనుంచి రెండోది) గ్రూప్ టికెట్లు చూస్తాను. స్కూళ్ళు, చర్చిలు, కంపెనీలు వందల సీట్లు ఒకేసారి కొంటాయి కదా, ఆ పని. మావారు సాఫ్ట్‌వేర్. మాకు ఒక బాబు.

ముందు క్యాలెండర్ సంగతి చెప్తాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. 2021లో మేజర్ లీగ్ ఈ వ్యవస్థను తన చేతుల్లోకి తీసుకుని అనుబంధ జట్లను 120కి కుదించింది. అంటే 30 మేజర్ లీగ్ జట్లకు తలా నాలుగు. అప్పటినుంచి ఆటలు చాలావరకు వారం లెక్కన సాగుతున్నాయి. మంగళవారం మొదలై ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో ఒకే ఊళ్ళో ఆరు గేములు, సోమవారం సెలవు. అన్నిటికన్నా పైనున్న ట్రిపుల్-ఎలో సీజన్‌కు 150 గేములు, డబుల్-ఎలో 138, హై-ఎ, సింగిల్-ఎలలో 132. మార్చి చివరో ఏప్రిల్ మొదలో మొదలై సెప్టెంబరు దాకా. అందులో సగం సొంత ఊళ్ళో.

మీకు ముఖ్యం ఆ సగమే. మనది ఆటగాళ్ళకు తలకిందుల జీవితం. జట్టు ఊళ్ళో ఉన్న వారం మనం ఇంట్లో ఉండం. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు, రాత్రి ఏడింటికి గేము, చివరి కారు పార్కింగులోంచి కదిలేసరికి పదకొండు. శుక్రవారం బాణసంచా ఉంటే ఇంకా ఆలస్యం. వాన మొదలైతే టికెట్లు అమ్మేవాళ్ళం, లెక్కలు రాసేవాళ్ళం, ఒక్కోసారి జనరల్ మేనేజరు కూడా పరిగెత్తుకెళ్ళి గ్రౌండ్ మీద టార్ప్ (వాన పట్టా) లాగాల్సిందే. అదే జట్టు బస్సెక్కి వెళ్ళిపోయిన వారం మామూలు ఆఫీసు ఉద్యోగం. సాయంత్రం ఇంటికి వస్తాం. శనివారం, ఆదివారం మనవే.

కాబట్టి ఇంట్లో ఏ శుభకార్యమైనా జట్టు ఊళ్ళో లేని శనాదివారాల్లో పెట్టుకోవాలి. సోమవారం సెలవే కదా అనిపిస్తుంది. కానీ అమెరికాలో సోమవారం సీమంతానికి పిలిస్తే ఎవరొస్తారు? అందరికీ ఆఫీసులే. సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి, బ్యాంకు పనికి, నిద్రకు పనికొస్తుంది.

పంతులుగారిని ఒక్క ముహూర్తం అడగకండి. మూడు నాలుగు ఇమ్మనండి. మా గుడి పంతులుగారు మొదట నా షెడ్యూలు చూసి ఆశ్చర్యపోయారు. ఇప్పుడు "ఆ వారం మీ జట్టు ఊళ్ళో ఉందా అమ్మా" అని ఆయనే అడుగుతారు. సీమంతానికి అయిదో నెల, ఏడో నెల, తొమ్మిదో నెల అని వెసులుబాటు ఉంది. బారసాల పదకొండో రోజు కుదరకపోతే ఇరవై ఒకటో రోజు, అదీ కాకపోతే ఆ తర్వాత మంచిరోజు చూస్తారు. మన సంప్రదాయంలో ఉన్న ఈ వెసులుబాటు ఇలాంటి ఉద్యోగం చేసేవాళ్ళకు ఎంత మేలో ఇక్కడికొచ్చాకే నాకు తెలిసింది.

మన పంచాంగం కూడా చాలావరకు మనకు అనుకూలమే. కార్తీకం, మార్గశిరం, మాఘం, ఫాల్గుణం అన్నీ దాదాపు ఆఫ్ సీజన్‌లోనే వస్తాయి. దసరా, దీపావళి, సంక్రాంతి నిశ్చింతగా చేసుకోవచ్చు. అమెరికా స్వాతంత్ర్య దినం జులై నాలుగు చుట్టూ మాకు ఊపిరాడదు, అదే రోజుల్లో తరచు ఆషాఢం కాబట్టి పెళ్ళి పిలుపులు ఉండవు. ఇబ్బందల్లా వైశాఖ, జ్యేష్ఠాల పెళ్ళిళ్ళతో, శ్రావణంతో. ఉగాది సీజన్ మొదలయ్యే హడావిడిలో పడుతుంది. వినాయక చవితి సీజన్ చివరి వారాలకు తగులుతుంది.

మీ విషయానికొస్తే, పాపాయి జూన్‌లో పుడితే బారసాల సీజన్‌లో, అన్నప్రాసన ఆఫ్ సీజన్‌లో, మొదటి పుట్టినరోజు మళ్ళీ సీజన్‌లో. ఈ మూడూ ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక సెలవు. ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. 1993 నాటి ఎఫ్.ఎం.ఎల్.ఎ. (కుటుంబ, వైద్య సెలవుల) చట్టం బిడ్డ పుట్టినప్పుడు 12 వారాలు జీతం లేని సెలవు ఇస్తుంది, తండ్రులకు కూడా. అయితే ఆ సంస్థలో 12 నెలలు పనిచేసి ఉండాలి, అందులో 1,250 గంటలు పూర్తయి ఉండాలి, మీరు పనిచేసే చోటికి 75 మైళ్ళ లోపు ఆ సంస్థకు 50 మంది ఉద్యోగులు ఉండాలి. జనవరిలో చేరి జూన్‌లో తండ్రి అయ్యే మీకు ఆ పన్నెండు నెలలు నిండవు. చిన్న జట్టయితే యాభై మంది లెక్క కూడా తేలకపోవచ్చు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, వాషింగ్టన్ లాంటి చోట్ల రాష్ట్ర చట్టం కింద కొంత జీతంతో కూడిన సెలవు పథకం ఉంది. టెక్సాస్‌లో ప్రైవేటు ఉద్యోగులకు అలాంటిది లేదు. అంటే జూన్‌లో మీకు దక్కే సెలవు చాలావరకు మీరు ఇప్పుడు అడిగి రాయించుకున్నదే.

అడగడానికి మొహమాటపడకండి. "జూన్‌లో మాకు బిడ్డ పుట్టబోతోంది, అప్పుడు నాకు రెండు వారాలు కావాలి, ఈ మాట ఆఫర్‌లో రాసివ్వండి" అనండి. అక్కడే కాదంటే ఆ జట్టు గురించి ముందే తెలిసిపోతుంది. ఆరోగ్య ఇన్సూరెన్సు ఏ రోజు నుంచి వర్తిస్తుందో కూడా అప్పుడే కనుక్కోండి. మీ ఆఫీసు ప్లాన్‌లో ఉంటే బిడ్డ పుట్టిన 30 రోజుల్లోపు పేరు చేర్పించాలి, ఆ హడావిడిలో మర్చిపోయేవాళ్ళు ఉంటారు. ఇంకొక మాట. మీ జట్టు ఆ చట్టం కిందకు వచ్చేదైతే, వచ్చే జనవరికి మీకు ఏడాది నిండుతుంది. బిడ్డకు ఏడాది నిండేలోపు ఆ సెలవు వాడుకోవచ్చు. జనవరి, ఫిబ్రవరి మనకు గేములు లేని నెలలు. అప్పుడు కొన్ని వారాలు తీసుకుని పాపాయితో గడపండి.

ఇంటర్వ్యూలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "పోయిన సీజన్‌లో మీ ఆఫీసులో ఎవరింట్లో పెళ్ళి, పురుడు, చావు జరిగాయి? ఆ రోజుల్లో వాళ్ళ పని ఎవరు చేశారు?" పేర్లతో, వివరంగా జవాబు చెప్పే జట్టులో చేరండి. "మాదంతా ఒక కుటుంబం" అని మాత్రమే చెప్పేచోట ఆలోచించుకోండి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట నా పక్క సీటు అమ్మాయి వాళ్ళ బామ్మ పోయింది. సెలవు అడిగితే, శుక్రవారం బాణసంచా ఉంది, శనివారం వెళ్ళమన్నారు. ఆ అమ్మాయి శుక్రవారమే వెళ్ళింది, మళ్ళీ రాలేదు. నేనూ ఆ ఏడాది చివర్న మారిపోయాను.

ఇప్పుడున్న జట్టులో మా బాబు ఆగస్టులో, సరిగ్గా గేములు ఇక్కడ జరుగుతున్న వారంలో పుట్టాడు. జులై మొదట్లోనే నా దగ్గర టికెట్లు కొన్న ప్రతి గ్రూపు వివరం ఒక ఫైల్లో రాసిపెట్టాను: ఎవరికి ఫోన్ చేయాలి, ఏ సెక్షన్, ఎంతమంది, ఎవరికి చక్రాల కుర్చీ దారి కావాలి, ఏ పాప జాతీయగీతం పాడుతుంది. నాతోపాటు పనిచేసే అబ్బాయి ఆ నెలంతా నా గ్రూపుల దగ్గరికి వచ్చి మొహాలు గుర్తుపట్టేలా చూసుకున్నాం. గురువారం తెల్లవారుజామున నొప్పులొచ్చాయి. ఆ సాయంత్రం ఒక పెద్ద కంపెనీ వాళ్ళ పిక్నిక్ ఉంది. నేను ఒక్క మెసేజ్ పెట్టాను. దానికి మా మేనేజరు "ఇక ఫోన్ ఆపేయండి, అంతా మేం చూసుకుంటాం" అని రాశారు. చూసుకున్నారు కూడా. మరుసటి ఏప్రిల్‌లో ఆ అబ్బాయి చెల్లెలి పెళ్ళికి అతని శనివారం నేను తీసుకున్నాను. ఈ రంగంలో సెలవు కాగితం మీద కంటే ఇలా ఒకరికొకరు పని అందుకోవడంలోనే ఎక్కువ దొరుకుతుంది. చేరిన మొదటి రెండు నెలల్లోనే ఎవరి ఇంట్లో ఏముందో తెలుసుకోండి, ముందు మీరు ఒకరికి నిలబడండి.

పురుటికి అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వీలైతే మీ అత్తగారినో అమ్మగారినో సీజన్ ముగిసేదాకా ఉండేలా పిలిపించుకోండి. గేముల వారంలో రాత్రి పదకొండింటికి వచ్చే మనిషి పచ్చి బాలింతకు చేసే సాయం తక్కువ. ఆ ఆరు రాత్రులూ ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఉండాలి. ఇది డబ్బుతోనో ప్రేమతోనో పూడ్చగలిగిన లోటు కాదు, పక్కన మనిషి ఉండాల్సిందే. అది కుదరకపోతే మీ ఊరి తెలుగువాళ్ళతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

ఆటగాళ్ళ కుటుంబాలను చూస్తే మనం ఎంత నయమో అనిపిస్తుంది. మేజర్ లీగ్‌లోనే పితృత్వ సెలవుల జాబితా 2011లో వచ్చింది, అదీ ఒకటి నుంచి మూడు రోజులు. టెక్సస్ రేంజర్స్ పిచ్చర్ కోల్బీ లూయిస్ మొదట వాడుకున్నాడు. 2014లో న్యూయార్క్ మెట్స్ ఆటగాడు డేనియల్ మర్ఫీ కొడుకు పుట్టాడని సీజన్ మొదటి రెండు గేములు మానేస్తే రేడియోలో నోటికొచ్చినట్టు మాట్లాడారు. మైనర్ లీగ్ ఆటగాళ్ళకు చాలాకాలం సంఘమే లేదు. 2022లో మేజర్ లీగ్ ఆటగాళ్ళ సంఘం వీళ్ళనూ చేర్చుకుంది, 2023లో తొలి ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందంలో కనీస జీతం ట్రిపుల్-ఎలో ఏడాదికి 35,800 డాలర్లు, డబుల్-ఎలో 30,250, సింగిల్-ఎలో 26,200 అయింది. వసతి జట్టే చూస్తుంది. డబుల్-ఎ నుంచి పైన సొంత గది ఉంటుంది. అయినా రాత్రికి రాత్రి ట్రిపుల్-ఎకి పంపితే భార్యాపిల్లలు వెనక సామాను సర్దుకోవాలి. మా స్టేడియంలో ఆటగాళ్ళ భార్యలు చంటిపిల్లలతో ఒక వరసలో కూర్చుంటారు. మా బాబు ఉయ్యాల వాళ్ళలో ఒకామె ఇచ్చిందే. కోచ్‌లకు, ట్రైనర్లకు, బస్సు ప్రయాణాలు తప్పని వాళ్ళందరికీ నేను చెప్పిన శనాదివారాల లెక్క వర్తించదు. మీరు ఎప్పుడైనా అటు మారాలనుకుంటే ఇంట్లో విడిగా మాట్లాడుకుని మారండి.

కుదరనివి కూడా చెప్పాలి. నాన్న షష్టిపూర్తి మే నెలలో, గేములు ఇక్కడున్న వారంలో పడింది. ఆయన జన్మనక్షత్రం బట్టి పెట్టిన రోజు, మార్చమని నేను అడగలేదు. తెనాలి వెళ్ళి రావాలంటే కనీసం వారం. వీడియోలో చూశాను. జనవరిలో వెళ్ళి అందరం సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం, నాన్న చాలా సంతోషించారు. కానీ అమ్మానాన్నలు దండలు మార్చుకునేటప్పుడు పక్కన నిలబడటం వేరు, వ్రతం వేరు. ఆ వెలితి ఇప్పటికీ ఉంది. దీన్ని తట్టుకోగలరా లేదా అన్నది మీరూ మీ ఆవిడా కూర్చుని తేల్చుకోవాలి. మేము ఒక నియమం పెట్టుకున్నాం: తేదీ మార్చగలిగిన వేడుకలకు సెలవు ఖర్చు పెట్టం. పుట్టుక, చావు, ఆపరేషను, తోడబుట్టినవాళ్ళ పెళ్ళి, వీటికి మాత్రం ఏ గేమైనా వదిలేసి వెళ్తాం. ఇంకొకరి నియమం ఇంకోలా ఉండొచ్చు.

ఈ ఉద్యోగంలో పిల్లలకు దొరికేదీ ఉంది. మా జట్టులో ఆదివారం గేము అయ్యాక పిల్లల్ని బేస్‌ల చుట్టూ పరిగెత్తనిస్తారు. మా బాబు మొదటిసారి నా వేలు పట్టుకుని ఆ ఎర్రమట్టిలో మూడో బేస్ దాకా నడిచాడు, స్టాండ్‌లో మా అమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వాడి పుట్టినరోజు కేకు అక్కడే కోస్తాం, సగం స్టాఫు వస్తారు. టెక్సాస్‌లోని ఫ్రిస్కో లాంటి ఊళ్ళో అయితే డబుల్-ఎ స్టేడియంలో ఏ సాయంత్రమైనా తెలుగు వినిపిస్తుంది. 2024లో అక్కడ ఆడి అదే ఏడాది మేజర్ లీగ్‌కు వెళ్ళిన కుమార్ రాకర్ తల్లి భారతీయ కుటుంబం నుంచి వచ్చినామె. ఆ పేరు మైకులో వినిపిస్తే మన పిల్లలు తలెత్తి చూస్తారు.

మీ జట్టు ఏ స్థాయిదో, ఏ రాష్ట్రమో రాయలేదు. అవి రాయండి. జూన్, జులై షెడ్యూలు చూసి జట్టు ఊళ్ళో లేని శనాదివారాలు ఏవో గుర్తుపెట్టి పంపుతాను, బారసాలకు పంతులుగారితో మాట్లాడేటప్పుడు అవి చేతిలో ఉంటాయి.