√(5+2√6) ని సింప్లిఫై ఎందుకు ముట్టుకోదు?

ప్రశ్న: సింపైలో (పైథాన్‌లో బీజగణితం లెక్కలు చేసే లైబ్రరీ) √(5+2√6) ఇచ్చి సింప్లిఫై ఫంక్షన్ కొడితే ఏ మార్పూ లేకుండా అదే తిరిగొస్తోంది సార్. చేత్తో చేస్తే √2+√3 వస్తుంది కదా. ఇంకోటి, √(ఎక్స్²) ఇస్తే ఎక్స్ అని కూడా ఇవ్వట్లేదు. నా ఇన్‌స్టలేషన్‌లో ఏమైనా తేడా ఉందా? - ఒక బీటెక్ విద్యార్థి

జవాబు: మీ ఇన్‌స్టలేషన్ బానే ఉందమ్మా. సింప్లిఫై అనేది తనకి తెలిసిన కొన్ని పద్ధతులు వరసగా వేసి చూసి, వచ్చినవాట్లో పొట్టిగా ఉన్నది ఎంచుకుంటుంది అంతే, రూట్‌లో రూట్ విప్పే పద్ధతి ఆ వరసలో లేదు. దానికి విడిగా sqrtdenest అనే ఫంక్షన్ ఉంది, పేరు మొత్తం ఇలాగే చిన్న అక్షరాల్లో కలిపి రాయాలి. అది వాడితే మీ √2+√3 వచ్చేస్తుంది.

లోపల జరిగేది మనం కరణుల పాఠంలో చేసిందే. 5² లోంచి (2√6)² తీసేస్తే 25-24, అంటే 1. అది పర్ఫెక్ట్ స్క్వేర్ కాబట్టి దాని రూట్ 1 పట్టుకుని (5+1)/2=3, (5-1)/2=2, ఆ రెండిటి రూట్లు కలిపితే జవాబు. అదే √(3+√2) తీసుకోండి, 9-2=7, పర్ఫెక్ట్ స్క్వేర్ కాదు, ఇక అది విడదు, ఫంక్షన్ కూడా అలాగే వదిలేస్తుంది, అది తప్పు కాదు. ఒక్కోసారి సగమే విడుతుంది. √(16-2√29+2√(55-10√29)) ఇస్తే √5+√(11-2√29) దగ్గర ఆగుతుంది, ఎందుకంటే 121-116=5, మళ్ళీ అదే కథ. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది, ఒకసారి కాగితం మీద చేసి చూడండి.

ఇక √(ఎక్స్²) సంగతి. ఎక్స్ విలువ -3 అయితే జవాబు 3 రావాలి కదా, మరి ఎక్స్ అని ఎలా ఇస్తుంది? మీరేమీ చెప్పకపోతే సింపై ఎక్స్‌ని కాంప్లెక్స్ నంబర్‌గానే చూస్తుంది. సింబల్ తయారు చేసేటప్పుడే పాజిటివ్ అని ట్రూ పెట్టండి, సింప్లిఫై కూడా అక్కర్లేకుండా ఎక్స్ వచ్చేస్తుంది. రియల్ అని మాత్రమే చెప్తే మాడ్యులస్ ఎక్స్ వస్తుంది, అది కూడా కరెక్టే. చాలామంది ఈ ముక్క చెప్పకుండా పెద్ద పెద్ద ఎక్స్‌ప్రెషన్లు ఇచ్చేసి లైబ్రరీని తిడతారు, నాకు బాధేస్తుంది.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ చెప్పాలి. రూట్ కోసం పైథాన్ మ్యాథ్ మాడ్యూల్ వాడినా, 6 పవర్ (1/2) అని రాసినా లోపలికి వెళ్ళేది దశాంశ సంఖ్య, రూట్ కాదు, ఇక sqrtdenest దాన్ని విప్పలేదు. సింపై వాళ్ళ స్క్వేర్‌రూట్ ఫంక్షనే ఇంపోర్ట్ చేసుకోండి. జవాబు వచ్చాక పాతదీ కొత్తదీ రెండిటికీ దశాంశ విలువ తీసి చూసుకోండి, మీ లెక్కకి రెండూ 3.1463 దగ్గర రావాలి.